మన ఆర్‌సీఎం బడి సిస్టర్లు వెళ్లిపోతున్నారు, గుర్తున్నవన్నీ రాయండి

పల్నాటిపిల్ల

అందరికీ నమస్కారం. ఊరు వదిలి ఏళ్లయినవాళ్లకు ఈ కబురు అందిందో లేదో, అందుకే ఇక్కడ పెడుతున్నా. మన విచారణ (క్యాథలిక్ చర్చి పరిధి) ఆర్‌సీఎం బడి, అంటే రోమన్ క్యాథలిక్ మిషన్ బడి, వెనకున్న సిస్టర్ల మఠం ఈ వేసవిలో మూసేస్తున్నారు. ఇప్పుడు ఉన్నది ముగ్గురే. పెద్ద సిస్టర్ గారికి డెబ్బై దాటాయి, మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేకపోతున్నారు. వాళ్ల సభ (సన్యాసినుల సంఘం) వాళ్లు ముగ్గురినీ తలో చోటికి మారుస్తున్నారట. బడి మాత్రం ఉంటుంది, మేత్రాసనం (బిషప్ గారి పరిధి) వాళ్లే టీచర్లను పెట్టి నడుపుతారని మొన్న ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారు చెప్పారు.

వీడ్కోలు రోజు శాలువాలు, దండలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు మనకు గుర్తున్నవన్నీ రాసి, పుస్తకంగా కుట్టించి వాళ్ల చేతుల్లో పెట్టాలని నా కోరిక. ఏ బ్యాచ్ అయినా సరే, ఏ మతం అయినా సరే, జరిగింది జరిగినట్టు రాయండి.

ముందు నాది. మూడో తరగతిలో క్వార్టర్లీ ప్రోగ్రెస్ కార్డు ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ వేలిముద్ర వేసింది. మర్నాడు క్లాస్ సిస్టర్ ఆ నీలం మరక వంక కాసేపు చూసి, ఏమీ అనకుండా నా పలక తీసుకుని మా అమ్మ పేరు పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చారు. "హాఫియర్లీ కార్డు మీద నాకు ఇది కావాలి, నేర్పించే పని నీది" అన్నారు. మా అమ్మ పేరులో జ్ఞ ఉంది. పెద్దవాళ్లకే చెయ్యి తిరగని అక్షరం అది. రోజూ కూలికెళ్లి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, అది కాగేలోపు అమ్మ బొగ్గుముక్కతో అరుగు మీద గీసేది, నేను పక్కన కూర్చుని "కింద కొమ్ము ఇంకా తిప్పాలమ్మా" అనేదాన్ని. జ్ఞ దగ్గరే నెల పట్టింది. డిసెంబర్ కార్డు మీద సంతకం వంకరగా గడి దాటి పోయింది గానీ వేలిముద్ర మాత్రం లేదు. తర్వాత పదేళ్లకు మా అమ్మ డ్వాక్రా గ్రూపు లీడరయింది, బ్యాంకులో పెట్టింది ఆ సంతకమే. మా వీధిలో పన్నెండు మంది ఆడవాళ్లకు సంతకం నేర్పింది కూడా తనే.

ఇక మీరు రాయండి.

గంటకొట్టినోడు

రైలు పట్టా ముక్క. వేపచెట్టు కొమ్మకి ఇనుప తీగతో కట్టి ఉండేది. కొట్టే పని వారానికొకరిది. నేను చదువులో వెనకబెంచీ, పెద్ద సిస్టర్ గారు నా వారం అయిపోయినా ఇంకో వారం నాకే ఇచ్చేవారు. గంట కొట్టేవాడు బడికి అందరికంటే ముందు రావాలి కదా, అలా నేను మానకుండా వస్తానని ఆవిడ లెక్క. అది నాకు ముప్పై ఏళ్లు దాటాక అర్థమైంది. ఇప్పుడు ఆర్టీసీలో కంట్రోలర్‌ని, టైమంటే టైమే.

నర్సమ్మ_డబ్లిన్

చెల్లీ, పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి ఇది చదివాను, నిద్ర పట్టలేదు.

మన వైపు జనవరి నుంచి మార్చి దాకా సగం బడి మిరపకోతలకు పోయేది, గుర్తుందా? ఆడపిల్లలైతే మరీ. పిల్లకి కూడా కూలి వస్తుంది, పైగా చిన్న వేళ్లు కాయని తొడిమ దగ్గర చక్కగా తెంపుతాయని మేస్త్రీలు పిల్లల్నే అడిగేవాళ్లు. నేను ఆరో తరగతి. వరసగా పదకొండు రోజులు బడికి పోలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం లెక్కల సిస్టర్ నల్లగొడుగు వేసుకుని, చంకలో హాజరు పట్టీ పెట్టుకుని చేనుగట్టు మీద నడుచుకుంటూ కళ్లం దగ్గరికి వచ్చారు. ఆ కళ్లంలో ఘాటుకి కొత్తవాళ్లు నిలబడలేరు. ఆవిడ దగ్గుతూ, తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ మా నాన్నతో మాట్లాడారు. మా నాన్న ఒప్పుకోలేదు. "కోత అయ్యాక పంపుతాలే అమ్మా" అన్నాడు. ఆవిడ సరేనని వెళ్లిపోలేదు. కళ్లంలోనే పట్టా మీద కూర్చుని, కోతకొచ్చిన మా తొమ్మిది మందినీ పిలిచి భిన్నాలు చెప్పారు. ఎండుకాయలు పేర్చి సగం, పావు, మూడోవంతు. మళ్లీ రెండో రోజు వచ్చారు, మూడో రోజూ వచ్చారు. నాలుగో రోజు మా నాన్నే "నీ మూలాన ఆ అమ్మగారికి ఏదన్నా అయితే ఊరు నన్ను తిడుతుంది, బడికి పో" అన్నాడు.

బడికెళ్లాక ఇంకో బాధ. మిరప కోసిన చేతులు మంట, రాత్రంతా నీళ్లలో పెట్టుకున్నా పోదు, పెన్ను పట్టుకోలేం. సిస్టర్ మజ్జిగ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక్కొక్కరి చేతులు అందులో ముంచి, తర్వాత కొబ్బరినూనె రాసేవారు. ఇప్పుడు నేను పేషెంట్ల చేతులకు ఆయింట్‌మెంట్ రాసేటప్పుడు వేలి సందుల్లో కూడా రాస్తాను. ఎక్కడ నేర్చుకున్నావని ఇక్కడి సీనియర్ నర్సు అడిగింది ఒకసారి.

మా బ్యాచ్‌లో ఆ తొమ్మిది మందిలో నలుగురం నర్సులం. ఇద్దరు టీచర్లు. ఒకామె ఏఎన్ఎం.

ఎర్రమట్టి

జరిగింది జరిగినట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నచ్చకపోతే పుస్తకంలో వెయ్యొద్దు.

నేను బోర్డింగ్ పిల్లని, ఐదేళ్లు ఉన్నాను. పల్లె నుంచి వచ్చిన మాలమాదిగల పిల్లలమే బోర్డింగ్‌లో ఎక్కువ. పొద్దున ఐదింటికి లేచి గుడి ఊడ్చేది మేము, మఠం వరండా తడిగుడ్డ పెట్టేది మేము, శనివారం గుడి బట్టలు ఉతికేది మేము. డే స్కాలర్స్‌గా వచ్చే ఆసాముల పిల్లలు కూడా క్యాథలిక్కులే, వాళ్లు ఏ రోజూ చీపురు పట్టగా చూడలేదు. స్కూలు వార్షికోత్సవానికి మేరీమాత వేషం ఎవరికి ఇచ్చారు, ఐదేళ్లలో ఒక్కసారైనా మా వైపు పిల్లకి ఇచ్చారా? రంగు చూసి ఇచ్చేవాళ్లు. ఏడో తరగతిలో ఒక సిస్టర్ నా జడ పట్టుకుని గోడకు కొట్టారు, తప్పు ఏంటంటే నా పక్క పిల్ల నా నోట్సు చూసి రాసింది.

నేను ఈ రోజు మండలాఫీసులో సూపరింటెండెంట్‌ని. ఆ బోర్డింగ్ లేకపోతే నాకు పదో తరగతి లేదు, అది నాకు తెలుసు. రెండూ నిజమే. కానీ వీడ్కోలు సభలో ఒక నిజమే చెప్పి ఇంకోటి మింగేస్తే, నా పక్కన గుడి ఊడ్చిన పిల్లలు, ఎనిమిదిలోనే మానేసి పెళ్లయిపోయినవాళ్లు, వాళ్ల తరఫున ఎవరు మాట్లాడతారు?

విచారణ_వాసి

అమ్మా, మీ బాధ నేను కాదనను. కానీ వెళ్లిపోయే ముసలి సిస్టర్లకు ఇప్పుడు ఇవన్నీ వినిపించాలా? ఆ ముగ్గురిలో ఎవరూ మిమ్మల్ని కొట్టినవాళ్లు కాదు కదా. పనులంటారా, ఆ రోజుల్లో ఏ హాస్టల్లో అయినా పిల్లలే చేసుకునేవాళ్లు. కులం సిస్టర్లు తెచ్చింది కాదు, మన గుడిలోనే ఎడమ పక్క ఒకరు, కుడి పక్క ఒకరు కూర్చునేవాళ్లు, స్మశానం కూడా వేరు. పూర్వం నుంచి ఉన్నది అది.

ఎర్రమట్టి

పూర్వం నుంచి ఉన్నదే. మార్చగలిగిన చోట ఉన్నవాళ్లు మార్చలేదనే నేనంటున్నది. గుడిలో గోడలు పడగొట్టడం మా నాన్న చేతిలో లేదు, మఠం బావి దగ్గర వంతులు మార్చడం వాళ్ల చేతిలో ఉంది.

పల్నాటిపిల్ల

అక్కా, నీ పోస్టు పుస్తకంలో వేస్తాం. ఒక్క మాట కూడా తీయం.

విచారణ_వాసి అన్నా, ఆ సిస్టర్లు నిజం విని తట్టుకోలేని మనుషులని నేను అనుకోను. పెద్ద సిస్టర్ గారిని నేను అడిగే ఈ పోస్టు పెట్టాను. "రాయమను, రాయనివ్వు" అన్నారు, అంతే.

పాతకాగితాలు

నేను ఈ ఊరివాణ్ని కాదు, మా అమ్మమ్మది ఫిరంగిపురం. పాత మిషన్ రికార్డులు చదవడం నాకు ఇష్టం, అందుకే నాలుగు మాటలు రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

తెలుగు నేల మీద బడి నడిపిన సిస్టర్లంటే మనకు వెంటనే విదేశీ దొరసానులే గుర్తొస్తారు. వాళ్లు వచ్చిన మాట నిజమే. ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల పక్కన అనెసీ అనే ఊరి నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లో యానాంలో దిగారు, అక్కణ్నుంచి విశాఖపట్నం వైపు వెళ్లారు. విశాఖలో 1958లో మొదలైన సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాల ఆ వరసదే. ఇటలీలోని ట్యూరిన్ నుంచి సెయింట్ ఆన్ సిస్టర్లు 1871లో సికింద్రాబాద్ వచ్చారు. ఆ సభను పెట్టింది బరోలో దంపతులు, పిల్లలు లేని భార్యాభర్తలు, 1834లో. మన గుంటూరుకు 1904లో హాలండ్ నుంచి జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) సిస్టర్లు వచ్చారు. ఏలూరు సెయింట్ థెరిసా కాలేజీ, తెనాలి జేఎంజే కాలేజీ వాళ్లవే. 1920లో ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లౌరీ వచ్చి అదే సభలో చేరారు. మందులివ్వడంతో ఆగకుండా ఇక్కడి ఆడపిల్లలకు మంత్రసాని పని, నర్సు పని, మందులు కలిపే పని నేర్పారు. పైన నర్సమ్మ గారు రాసిన నలుగురు నర్సుల లెక్క ఎక్కడో అక్కడ మొదలైంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. పల్నాటిపిల్లా, మీ అమ్మ పేరులో జ్ఞ ఉందన్నావు. ఫిరంగిపురం చుట్టుపక్కల అలాంటి పేరు ఎంతమందికో ఉంటుంది. 1822లో ఫిరంగిపురంలోనే పుట్టిన జ్ఞానమ్మ అనే ఆవిడ ఉన్నారు. పెళ్లయింది, కొడుకులున్నారు, తర్వాత భర్త పోయాడు. ఆ కాలంలో విధవరాలంటే ఇంట్లో మూల కూర్చోవాలి. ఆవిడ ఆడపిల్లలకు బడి పెట్టారు. 1860లలో, ఫిరంగిపురంలోనూ, తమిళనాడులో తెలుగు క్యాథలిక్కులున్న కీళచ్చేరిలోనూ. కొడుకుల్లో ఇద్దరు చర్చి ఫాదర్లయ్యారు. ఆవిడ మొదలుపెట్టిన పని నుంచే మద్రాసు సెయింట్ ఆన్స్ సభ, ఫిరంగిపురం సెయింట్ ఆన్స్ సభ పుట్టాయి. ట్యూరిన్ వాళ్లు వేరు, వీళ్లు వేరు, పునీతురాలి పేరు ఒకటే కావడంతో చాలామంది కలిపేస్తారు. జ్ఞానమ్మ గారు 1874లో పోయారు. ఇప్పుడు ఆవిడకు పునీత పట్టం కోసం పని నడుస్తోంది, దైవ సేవకురాలు అని పిలుస్తున్నారు.

అంటే హాలండ్ ఓడ రాకముందు, నలభై ఏళ్ల ముందే, పల్నాటి పక్కన పుట్టిన ఒక తెలుగు విధవ ఆడపిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆవిడ పేరు నాకెక్కడా కనపడలేదు. నాకిది నిజంగా బాధ. క్యాథలిక్కులకే పరిమితమైన పేరుగా మిగిలిపోయింది, వాళ్లలో కూడా పండుగనాడు దండ వేసేవాళ్లే ఎక్కువ.

ఇంకొకటి. మన వాడుకలో "కాన్వెంట్" అనే మాట ఎక్కడిదాకా పోయిందో చూడండి. ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి ఏదైనా కాన్వెంటే, దేవుడి పేరు పెట్టుకున్న బడి కూడా ఫలానా కాన్వెంటే. "మావాణ్ని కాన్వెంట్‌లో వేశాం" అంటాం. ఆ మాటకి అర్థం సిస్టర్లుండే ఇల్లు. కానీ పల్లెల్లో సిస్టర్లు ఎక్కువగా నడిపింది తెలుగు మీడియం ఆర్‌సీఎం బడులు, వాటిని మాత్రం ఎవరూ కాన్వెంట్ అనలేదు, "మిషను బడి" అన్నారు. టై కట్టుకున్న బడికి పేరు దక్కింది, మిరప కళ్లానికి గొడుగేసుకుని పోయిన బడికి దక్కలేదు.

నర్సమ్మ_డబ్లిన్

పాతకాగితాలు గారూ, ఆవిడ గురించి నాకు ఇన్నాళ్లూ తెలియదు, ఫిరంగిపురం బాలయేసు తిరునాళ్లకు చిన్నప్పుడు ఎన్నిసార్లు వెళ్లానో. ఎర్రమట్టి అక్కా, నువ్వు నాకంటే రెండేళ్లు సీనియర్‌వి అనుకుంటా, గుడి బట్టలు ఉతికిన జట్టులో నేనూ ఉన్నాను. నాకు అది అన్యాయమని అప్పట్లో తోచనే లేదు. ఇప్పుడు నువ్వు రాశాక తోస్తోంది. దానివల్ల మజ్జిగ గిన్నె అబద్ధమైపోదు. ఎలా కలపాలో నాకు తెలియట్లేదు.

సిరాబుడ్డి

నేను ప్రస్తుతం ఇదే బడిలో టీచర్‌ని, పదిహేడేళ్లుగా. సిస్టర్లు ఎందుకు వెళ్తున్నారని వాట్సాప్‌లో రకరకాలుగా అనుకుంటున్నారు, ఫాదర్ గారితో గొడవ అని, ఇంకేదో అని. అసలు సంగతి డబ్బు, మనుషులు.

మనది ఎయిడెడ్ బడి. భవనం, స్థలం మేత్రాసనానివి, కరస్పాండెంట్ విచారణ గురువు, అంటే ఫాదర్ గారు, హెడ్మిస్ట్రెస్ సిస్టర్, టీచర్ల జీతాలు ప్రభుత్వం నుంచి. ఒకప్పుడు మఠంలో ఐదుగురు సిస్టర్లు ఎయిడెడ్ పోస్టుల్లో ఉండేవాళ్లు. వాళ్ల జీతం వాళ్ల చేతికి పోదు. పేదరికం మాటపట్టు తీసుకున్నారు కాబట్టి నేరుగా సభ ఖాతాకి. ఆ ఐదు జీతాల్లోంచే బోర్డింగ్ బియ్యం, పప్పు, కరెంటు, ఎవరికీ తెలియకుండా కట్టే పిల్లల ఫీజులు, పుస్తకాలు. నేను చేరిన కొత్తలో చూశాను, ముప్పై ఏళ్ల సర్వీసున్న సిస్టర్ చెప్పుల తెగిన పట్టీ పిన్నీసు పెట్టి వాడుకుంటున్నారు. ఆ నెల ఆవిడ జీతం బిల్లు నేనే రాశాను, నాకంటే మూడింతలు.

తర్వాత ఎయిడెడ్ పోస్టుల భర్తీ ఆగిపోయింది. ఒక్కో సిస్టర్ రిటైరైనప్పుడల్లా ఒక్కో పోస్టు ఖాళీ. ఆ ఖాళీలో పెట్టుకున్న టీచర్‌కి మేనేజ్‌మెంటే జీతం ఇవ్వాలి. 2021లో ఎయిడెడ్ సంస్థలను ప్రభుత్వానికి అప్పగించమన్నప్పుడు ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను, పిల్లలు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు, ఆ ఏడాది నవంబరులో ఎయిడెడ్‌గానే ఉండొచ్చని కూడా ఆప్షన్లు ఇచ్చారు. మనది ఎయిడెడ్‌గానే ఉంది, కానీ పోస్టులు ఎక్కడ? 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. సిస్టర్లు, ఫాదర్ల జీతాల మీద కూడా టీడీఎస్, అంటే ఆదాయపన్ను ముందే, పట్టుకోవాల్సిందేనని. దానికి 1944 నాటి సర్క్యులర్ నుంచి మినహాయింపు ఉండేది. చట్టం అందరికీ ఒకటే అంటే నేను కాదనను, కానీ మనలాంటి చోట ఆ కోత పడేది చివరికి బోర్డింగ్ పళ్లెంలో.

ఇక మనుషులు. ఇంటికి ఇద్దరు పిల్లలున్న రోజుల్లో ఏ తల్లి కూతుర్ని మఠానికి పంపుతుంది? చదువుకున్న అమ్మాయికి సాఫ్ట్‌వేర్ ఉంది, నర్సింగ్ ఉంది, గ్రూప్స్ ఉంది. ఒకప్పుడు పల్లెలో ఆడపిల్ల పెళ్లి తప్పించుకుని చదువుకోవాలంటే మఠమే దారి. ఆ దారి తప్ప ఇంకోటి లేని కాలం పోయిందంటే, పోగొట్టింది కూడా ఈ సిస్టర్ల బడులే.

బోర్డింగ్‌లో ఇప్పుడు పంతొమ్మిది మంది ఆడపిల్లలు ఉన్నారు. సిస్టర్లు వెళ్లాక రాత్రిపూట వాళ్ల దగ్గర ఎవరుంటారని ఎవరూ నాకు చెప్పలేదు. వీడ్కోలు సంగతి మంచిదే, ఈ సంగతి కూడా ఎవరైనా పట్టించుకోండి.

గుడివీధి

నేను హిందువుని, రాముడి గుడి పక్క ఇల్లు, పేరు చూస్తేనే తెలుస్తోంది. ఒకటి నుంచి పది దాకా ఆ బడే. ఎప్పుడు ఈ బడుల మాట వచ్చినా "మతం మార్చడానికే కదా" అనేవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

పొద్దున ప్రార్థన ఉండేది. మంగళవార్త జపం (మేరీమాత ప్రార్థన) నాకు ఇప్పటికీ వచ్చు, ఎవరూ నేర్పలేదు, పదేళ్లు వింటే వస్తుంది. మొదటి పీరియడ్‌లో క్యాథలిక్ పిల్లలకు జ్ఞానోపదేశం (వాళ్ల మతపాఠం), మాకు పక్క గదిలో నీతిబోధ. మా గదిలో చెప్పింది వేమన పద్యాలు, సుమతీ శతకం, పంచతంత్రం కథలు. చెప్పింది ఒక కేరళ సిస్టర్. తెలుగు నేర్చుకుని పదేళ్లయినా "ళ" గట్టిగా పలికేవారు. పద్యం తప్పు చదివితే మేమే దిద్దేవాళ్లం, నవ్వి మళ్లీ చదివేవారు. పదేళ్లలో నన్ను మారమని అడిగినవాళ్లు లేరు.

అంతటితో ఆపేస్తే నేనూ సగమే చెప్పినట్టు. ఎర్రమట్టి గారు రాసినదాంట్లో నాకూ వాటా ఉంది. క్లాసులో ముందు బెంచీలు మావి. ఎందుకు మావో నేను ఎప్పుడూ అడగలేదు. బోర్డింగ్ పిల్లలు బడి ఊడ్చి వచ్చేసరికి మేం కూర్చుని ఉండేవాళ్లం.

ఒకప్పటిసిస్టర్

ఇక్కడ రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. నేను మీ బడిలో పని చేయలేదు. కానీ ఇలాంటి బడుల్లో, వేరే జిల్లాలో, పదకొండేళ్లు సిస్టర్‌గా ఉండి బయటికి వచ్చినదాన్ని. ఇప్పుడు పెళ్లయింది, ఒక పాప. సభ మీద నాకు కోపం లేదు.

ఎర్రమట్టి గారూ, మీ జడ పట్టుకున్న సిస్టర్ ఎవరో నాకు తెలియదు. కానీ నేనూ ఒక పిల్లను కొట్టాను. అది మీకు చెప్పాలనిపించింది. నాకు ఇరవై నాలుగేళ్లు, అరవై రెండు మంది ఉన్న క్లాసు, బోర్డింగ్ బాధ్యత కూడా నాదే, రాత్రి పదకొండుకి పడుకుని నాలుగున్నరకి లేవడం. ఏడో ఎక్కం చెప్పలేదని నాలుగో తరగతి పిల్లని బెత్తంతో అరచేతి మీద కొట్టాను. అది ఏడవలేదు, కళ్లు తిరిగి పడిపోయింది. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఇంట్లో వండలేదట. ఆ రోజు సాయంత్రం పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ ముందు తప్పు ఒప్పుకునేటప్పుడు, చెప్పాను, ఆయన క్షమాపణ ఇచ్చారు. పిల్లని నేను క్షమాపణ అడగలేదు. అడగాలని అప్పట్లో మాకు ఎవరూ నేర్పలేదు, సిస్టర్ పిల్లని క్షమాపణ అడగడమా? ఇప్పుడు మా పాప మీద గొంతు పెరిగినా ఆ అరచెయ్యి గుర్తొస్తుంది.

కులం గురించి. మఠం లోపల కూడా ఉండేది. ఎవరూ నోరు తెరిచి అనరు. కానీ వంటగది డ్యూటీ ఎవరికి, పై చదువుకి ఎవర్ని పంపుతారు, సుపీరియర్ ఎవరవుతారు అన్నచోట కనపడేది. నేను దళిత పల్లె నుంచే వచ్చాను. నాకు బీఎడ్ చెప్పించిందీ ఆ సభే, ఆ బీఎడ్ కోసం ఆరేళ్లు వంటగదిలో ఉంచిందీ ఆ సభే. 2022లో మన హైదరాబాద్ మేత్రాణులు (బిషప్) పూల అంతోని గారు కార్డినల్, అంటే పోపు తర్వాతి స్థాయి, అయినప్పుడు, ఒక దళితుడు మొదటిసారి ఆ స్థానానికి వెళ్లాడని మా అమ్మ రాత్రంతా టీవీ ముందు కూర్చుంది. మా వాళ్లకు సర్టిఫికెట్‌లో మాత్రం ఎస్సీ లేదు, క్రైస్తవులయ్యారు కాబట్టి బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. గుడిలో దళితులం, ఆఫీసులో కాదు. మీరు మండలాఫీసులో ఉన్నారు, నాకంటే మీకే బాగా తెలుసు.

వెళ్లిపోతున్న ఆ ముగ్గురి గురించి ఒక్క మాట. సిస్టర్‌కి సొంత ఊరు ఉండదు. ముప్పై ఏళ్లున్న చోటు నుంచి ఒక్క ఉత్తరంతో రెండు సంచులు సర్దుకుని పోవాలి, కొత్త చోట మళ్లీ ఎవరికీ ఏమీ కాని మనిషిలా మొదలుపెట్టాలి. వాళ్లకు ఇచ్చే పుస్తకం చిన్నదిగా కుట్టించండి, సంచిలో పట్టాలి. మోయలేని ఫొటో ఫ్రేములు ఇచ్చారంటే అక్కడే వదిలేసి పోవాల్సి వస్తుంది.

ఎర్రమట్టి

మీరు రాసింది ఆఫీసులో చదివాను, లేచి బయటికి వెళ్లి కాసేపు నిలబడ్డాను. నా దగ్గర మీకు చెప్పడానికి పెద్ద మాటలేమీ లేవు. మీరు ఎవర్నో కొట్టారు, నన్ను ఎవరో కొట్టారు, అయినా మీ నోటి నుంచి వచ్చిన ఆ మాట నాకు తగిలింది. నాకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

సిరాబుడ్డి గారూ, ఆ పంతొమ్మిది మంది పిల్లల సంగతి నేను చూస్తాను. మీ నంబర్ పర్సనల్ మెసేజ్‌లో పెట్టండి. దగ్గర్లో ప్రభుత్వ హాస్టల్లో, కస్తూర్బా బాలికల గురుకులంలో సీట్లు ఎన్ని ఉన్నాయో కనుక్కుంటాను. వాళ్లు ఇక్కడే ఉంటామంటే రాత్రి ఉండే ఆయమ్మకీ, వార్డెన్‌కీ జీతం ఎంతవుతుందో లెక్క వేయండి. ఇక్కడ ఇంతమంది ఉద్యోగాల్లో ఉన్నాం కదా. ఇంకోమాట, ఆ పిల్లలు వరండా తుడిచే పని ఉంటే, డే స్కాలర్లతో వంతులేయండి.

నర్సమ్మ_డబ్లిన్

వార్డెన్ జీతంలో నెలకి ఇంత అని నేను పెడతాను అక్కా. మా మిగతా ముగ్గురు నర్సులనూ అడుగుతాను.

గుడివీధి

నేనూ.

విచారణ_వాసి

ఎర్రమట్టి అమ్మా, మొదట్లో నేను రాసిన తీరు సరిగ్గా లేదు. క్షమించండి. ఆయమ్మ కోసం మా వీధిలో ఒకామె ఉంది, నమ్మకమైన మనిషి, మాట్లాడి చెప్తాను.

పల్నాటిపిల్ల

రాత్రి ఈ పోస్టులన్నీ అమ్మకి చదివి వినిపించాను. జ్ఞానమ్మ గారి గురించి రాసింది రెండుసార్లు చదివించుకుంది. ఎర్రమట్టి అక్క రాసిందానికి, "మేరీమాత వేషం మా రోజుల్లో కూడా మన పిల్లకి ఇవ్వలేదే" అని మాత్రం అంది, ఇంకేం అనలేదు.

పుస్తకం అరచేతి వెడల్పులో కుట్టించడానికి గుంటూరులో మాట్లాడాను, మూడు కాపీలు. నెలాఖరులోగా అందరూ పంపండి, టైపు రాకపోతే చేత్తో రాసి ఫొటో తీసి పెట్టండి, నేను ఎక్కిస్తాను. చివరి పేజీలో అందరి సంతకాలు ఉంటాయి, దూరంగా ఉన్నవాళ్లు తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఫొటో పంపండి. వీడ్కోలు రెండో శనివారం బడి ఆవరణలోనే.

గంటకొట్టినోడు

మొన్న సెలవులో ఊరెళ్లి చూసొచ్చాను. వేపచెట్టు కొట్టేశారు, రైలు పట్టా ముక్క మాత్రం వాటర్ ట్యాంకు వెనక పడి ఉంది. తుప్పు గీకి, వరండా దూలానికి కొత్త తీగతో కట్టించాను. ఆ రోజు ఎన్నింటికి కొట్టాలి?

పల్నాటిపిల్ల

తొమ్మిదింపావుకి అన్నా, ఎప్పటిలాగే.